పెరటి చెట్టు, శరదృతువు, యాజ్ఞవల్క్యుని ప్రశ్న

బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయం ముగిసే చోట, జనకుని సభలో వాదాలన్నీ పూర్తయి, విదగ్ధ శాకల్యుడు జవాబు చెప్పలేక తల కోల్పోయిన తరువాత, యాజ్ఞవల్క్యుడు మిగిలిన విద్వాంసుల వైపు తిరిగి, ఎవరైనా తనను అడగవచ్చునని, లేకుంటే తానే వారిని అడుగుతానని అంటాడు. ఒక్కరూ నోరు విప్పకపోవడంతో ఆయనే ఒక చెట్టును ముందుంచుకొని మాట్లాడతాడు. మనిషి వనస్పతి వంటివాడని, అందులో అబద్ధం లేదని ఆయన ప్రతిపాదన. వెంట్రుకలు ఆకులు, చర్మం పైబెరడు, నెత్తురు చెట్టు స్రవించే రసం, మాంసం లోపలి బెరడు, నరాలు నార, ఎముకలు చేవ, మూలుగ నడిమి మెత్తని దవ్వ. ఇంతవరకు సాఫీగా సాగిన పోలిక ఒక్కచోట ఆగిపోతుంది. నరికిన చెట్టు వేరు నుంచి మళ్లీ కొత్తగా పుట్టుకొస్తుంది. మృత్యువు నరికిన మనిషి ఏ వేరు నుంచి మళ్లీ మొలుస్తాడు? రేతస్సు నుంచి అనవద్దని, అది బతికి ఉన్నవాడి నుంచి వచ్చేదేనని యాజ్ఞవల్క్యుడు ఆ దారిని ముందే మూసివేస్తాడు. సభ మౌనం వహిస్తుంది.

శరదృతువు రాక చెట్టుకూ మనిషికీ ఒకే విధంగా తగులుతుందా అని ఆలోచించే ఎవరైనా ఈ పాత ప్రశ్న అంచునే నడుస్తుంటారు. రాలే ఆకును చూసి మనిషి తన అంతాన్ని తలచుకోవడం సహజమే గాని, ఆ తలపులో తాను పోల్చుకుంటున్నది రాలే ఆకుతోనా, నిలిచే చెట్టుతోనా అని తేల్చుకోకుండా వైరాగ్యం మాట్లాడడం తొందరపాటు అవుతుంది. ఈ విషయాన్ని పరీక్షించడానికి బెంగళూరు నగరం, అందులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పెరళ్లు అనువైన చోటు, ఎందుకంటే అక్కడ శరత్తు వస్తుంది గాని దానితో ఆకురాలు కాలం రాదు.

భారతీయ కాలగణనలో సంవత్సరానికి ఆరు ఋతువులు, ఒక్కొక్క ఋతువుకు రెండేసి చాంద్రమాసాలు. ఆశ్వయుజ కార్తీకాలు శరత్తు, మార్గశిర పుష్యాలు హేమంతం, మాఘ ఫాల్గుణాలు శిశిరం. ఆకులు రాల్చే పనిని సంప్రదాయం శరత్తుకు కాక శిశిరానికి అప్పగించింది. శరత్తుకు అది ఇచ్చిన లక్షణాలు వేరు: మబ్బు విడిన ఆకాశం, తేరిన నీళ్లు, వెన్నెల, తామరలు, రెల్లు పూత, పండి వంగిన వరి. ఉత్తర అక్షాంశాల దేశాలలో సెప్టెంబరు చివర రాత్రీ పగలూ సమానమయ్యే విషువత్తు దాటగానే పంట ఇంటికి రావడం, ఆకు రంగు మారి రాలడం, చలి మొదలవడం అన్నీ ఒకే ఋతువులో కలిసిపోతాయి కనుక అక్కడి కవిత్వంలో పరిపాకమూ పతనమూ విడదీయరానివయ్యాయి. ఈనాడు న్యూజెర్సీలో ఉన్న తెలుగు ఇంట్లో కార్తీక దీపం వెలిగేసరికి వాకిట్లోని మేపుల్ చెట్టు చాలావరకు బోసిపోయి ఉంటుంది. అక్కడ పుట్టిన పిల్లలకు కార్తీకమూ రాలిన ఆకులూ ఒకే జ్ఞాపకం. దక్కన్ పీఠభూమి మీద ఈ రెండింటికీ మధ్య రెండు మూడు నెలల ఎడం ఉంది. ఆ ఎడాన్ని సంప్రదాయం ఖాళీగా వదలలేదు, మతాచారమంతా దాని చుట్టూనే అల్లుకున్నది అన్నది ఈ వ్యాసం చెప్పదలచిన విషయానికి మొదటి మెట్టు.

బెంగళూరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న నగరం. అక్కడ సంవత్సరంలోని అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా సుమారు గంటన్నర మాత్రమే. లండన్‌లో అది దాదాపు తొమ్మిది గంటలు. శీతల దేశాల చెట్లు పగలు కుంచించుకుపోవడాన్ని బట్టి ఆకు వదిలే వేళను గుర్తిస్తే, బెంగళూరు చెట్లు ప్రధానంగా నేలలోని తేమను బట్టి గుర్తిస్తాయి. నైరుతి ఋతుపవనాల చివరి వానలూ ఈశాన్య ఋతుపవనాల తొలి వానలూ కలవడం వల్ల సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఆ నగరంలో ఎక్కువ వర్షం పడే నెలలలో ముందుంటాయి. కావ్యాలు వర్ణించిన నిర్మలాకాశం ఆశ్వయుజంలో అక్కడ తరచుగా కనిపించదు, కార్తీకం నడిమికి గాని నిలకడగా తేరదు. నేల బాగా నానిన ఆ రోజులలో పెరటి చెట్టుకు ఆకు వదలవలసిన అవసరమే రాదు. సీతాఫలం పండుతుంది, ఉసిరి కాయ బరువెక్కుతుంది, పారిజాతం రాత్రి విచ్చి తెల్లవారేసరికి నేలంతా పరుచుకుంటుంది, ఆకాశమల్లె పొడవైన తెల్లని కాడలను వీధుల మీద రాలుస్తుంది. తేమ తగ్గి గాలి పొడిబారిన తరువాత, సంక్రాంతి దాటి మాఘం వచ్చేవేళకు రావి, బూరుగ, దేవగన్నేరు బోడిగా నిలుస్తాయి. బాదం చెట్టు మాత్రం ఆకులను ఎర్రగా మార్చి రాల్చడంలో శీతల దేశాల చెట్లను తలపిస్తుంది.

ఇందులో మనిషి చేయి కూడా ఉంది. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన లాల్‌బాగ్‌కు, మైసూరు సంస్థాన కొలువులోకి 1908లో వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్ తరువాత బాధ్యుడయ్యాడు. నగర వీధులలో ఏ నెలకు ఆ నెల ఏదో ఒక చెట్టు పూతలో ఉండేటట్లు జాతులను ఎంచి నాటించే పద్ధతిని ఆయన ప్రవేశపెట్టాడు. మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయి, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన జకరండా, టబేబుయా, నిద్రగన్నేరు, ఈ నేలవే అయిన కానుగ, వేప, రావి పక్కపక్కన నిలిచి, ఒక్కొక్కటి తన పుట్టుకకు తగిన లయలో ఆకు వదిలి పూత పట్టడం వల్ల, బెంగళూరు చెట్లన్నిటికీ కలిసి ఒక ఉమ్మడి ఆకురాలు కాలం లేకపోయింది. కనుక చెట్లన్నీ ఏకకంఠంగా మృత్యువును చాటే దృశ్యం అక్కడి మనిషికి దొరకదు. ఒక చెట్టు బోడిగా ఉన్న రోజునే దాని పక్క చెట్టు నిండు పూతలో ఉంటుంది. ప్రకృతి నుంచి నేరుగా నీతిని ఏరుకోవాలనుకునేవారికి ఇది ఇబ్బంది కలిగించే స్థితి, ఆలోచించేవారికి మేలు చేసే స్థితి.

మనిషి శరీరం వైపు చూస్తే ఇబ్బంది మరింత పెరుగుతుంది. చరకసంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయం సంవత్సరాన్ని రెండుగా విభజించింది. సూర్యుడు ఉత్తరంగా సాగుతూ లోకంలోని తేమనూ ప్రాణుల బలాన్నీ పీల్చుకునే శిశిర వసంత గ్రీష్మాలు ఆదానకాలం; చంద్రుని చల్లదనం పైచేయి అయి బలాన్ని తిరిగి ఇచ్చే వర్ష శరద్ హేమంతాలు విసర్గకాలం. ఆదానమంటే తీసుకోవడం, విసర్గమంటే విడిచిపెట్టడం, అంటే ఇవ్వడం. ఈ లెక్కలో శరత్తు క్షీణదశ కాదు, బలం మధ్యస్థంగా ఉండి ఇంకా పెరుగుతున్న దశ. మనిషి బలం, జఠరాగ్ని హేమంతంలోనూ శిశిరం మొదట్లోనూ అత్యధికంగా ఉంటాయని ఆ గ్రంథం చెబుతుంది. అంటే పెరటి రావి ఆకులన్నీ వదిలి నిలిచే వేళకు మనిషి తన దేహబలపు శిఖరం మీద ఉంటాడన్నమాట. చెట్టుకూ మనిషికీ ఋతువు ఒకటే అన్న సులభమైన మాట శరీరశాస్త్రం దగ్గరే వీగిపోతుంది. శరత్తులో దేహానికి ఇబ్బంది లేదని కాదు: వానకాలంలో పోగైన పిత్తం, హఠాత్తుగా మబ్బు తొలగి ఎండ సోకడంతో ప్రకోపిస్తుందని చరకుడు చెప్పి, ఆకలి వేసినప్పుడే తేలికగా, మితంగా తినమన్నాడు. కార్తీకం చివరి ఎనిమిది రోజులనూ మార్గశిరం తొలి ఎనిమిది రోజులనూ శార్ఙ్గధర సంహిత యమదంష్ట్ర, అంటే యముని కోర అని పిలిచి, ఆ రోజులలో తక్కువ తినేవాడే బతుకుతాడని హెచ్చరించింది. పగలంతా ఉపవసించి నక్షత్రదర్శనం తరువాత భుజించే కార్తీక నక్తవ్రతం ఈ హెచ్చరికకు దగ్గరగా రావడం గమనించదగినది. పగటి ఎండకు కాగి, రాత్రి వెన్నెలకు చల్లారి, అగస్త్య నక్షత్రోదయంతో దోషం పోయిన శరత్కాలపు నీటిని హంసోదకమని పేరు పెట్టి స్నానపానాలకు శ్రేష్ఠమనడం కూడా చరకుని ఆ అధ్యాయంలోనిదే. దేహం ఇక్కడ రాలిపోయే ఆకు కాదు, తేరుకుంటున్న నీరు.

చెట్టు ఆకు వదిలే తీరును వృక్షశాస్త్రం వివరించిన కొద్దీ, రాలడం మరణానికి గుర్తు అన్న వాడుక భావన పలచబడుతుంది. ఆకును కొమ్మ నుంచి ఊడదీసే పనిలో గాలి పాత్ర చివరి క్షణానిదే. అంతకు ముందే చెట్టు ఆకు కాడ మొదట్లో ఒక ప్రత్యేకమైన కణాల పొరను సిద్ధం చేస్తుంది. ఆకు నుంచి వచ్చే ఆక్సిన్ అనే పెరుగుదల ద్రవ్యం తగ్గి, ఇథిలీన్ అనే వాయు రూపంలోని ద్రవ్యం ప్రభావం పెరిగినప్పుడు ఆ పొరలోని కణాల మధ్య బంధం కరుగుతుంది, తెగిన చోట కొమ్మ మీద రక్షణ పొర ఏర్పడుతుంది. ఈలోగా చెట్టు, ఇల్లు మారేవారు పనికివచ్చే సామానంతా ముందే సర్దుకున్నట్లు, ఆకులోని పచ్చదనాన్ని విడగొట్టి, నత్రజనిలోనూ భాస్వరంలోనూ సుమారు సగాన్ని కొమ్మలలోకి, కాండంలోకి వెనక్కి తీసుకుంటుంది. పచ్చదనం పోయాక అంతవరకు మరుగున ఉన్న పసుపు బయటపడుతుంది. మిగిలినది నేలకు చేరి, పురుగులూ శిలీంధ్రాలూ చివికించగా, మళ్లీ వేరుకే అందుతుంది. బెంగళూరు రావి చెట్టు వానల కోసం కూడా ఆగదు. నేల ఎండుతున్న ఫాల్గుణంలోనే, లోతైన వేళ్లు అందించిన నీటితోనూ కాండంలో దాచుకున్న నిల్వతోనూ రాగిరంగు చిగురు తొడుగుతుంది. ఆకు రాల్చడం ఆ చెట్టుకు బతుకులో ఒక పని, ఎంతో పొదుపుగా చేసుకునే పని.

అందువల్ల, చెట్టు మనిషికి త్యాగం నేర్పుతుందని ఉపన్యాసాలలో తరచుగా వినిపించే మాటను అలాగే ఒప్పుకోవడం కష్టం. ఆకులోని సారాన్ని వెనక్కి లాక్కొని పొట్టును వదలడం త్యాగం కాదు. ఉసిరి కాయ ఇవ్వడం కూడా విత్తనం వ్యాపించడానికి జీవజాతి కనుగొన్న ఉపాయమే. చెట్టు ఏమీ నేర్పదని దీని భావం కాదు. నేర్చుకోవలసినది చెట్టు ప్రవర్తనలో వండి సిద్ధంగా లేదని, చెట్టు దగ్గర నిలిచి మనిషి తనంతట తాను చేసే పనిలో ఉందని భావం. శరత్కాల వ్రతాలు ఈ తేడాను బాగా ఎరిగినవని వాటి వరుస చూస్తే తెలుస్తుంది.

ఆ వరుస ఋతువు గుమ్మంలోనే, భాద్రపద బహుళ పక్షంలో, పితృపక్షంగా మొదలవుతుంది. మహాలయ అమావాస్య నాడు గతించిన తరాలకు తిలోదకాలిచ్చిన తరువాతనే శరత్తు పండుగలు వస్తాయి. ఇలియడ్ ఆరవ సర్గలో గ్లాకస్ అనే వీరుడు తన వంశం అడిగిన శత్రువుతో, మనుషుల తరాలు ఆకుల వంటివని, గాలి కొన్నిటిని నేల రాలిస్తే వసంతంలో అడవి మరికొన్నిటిని తొడుగుతుందని అంటాడు. అక్కడ మనిషి ఆకు, వంశం చెట్టు. రాలిన ఆకు పేరు అడగడం వృథా అన్న ధ్వని ఆ మాటలో ఉంది. పితృపక్షం ఇదే పోలికను ఒప్పుకుంటూనే, ఆ వృథా అన్న భావాన్ని తిరస్కరిస్తుంది: రాలిన ఆకులను మూడు తరాల వరకు పేరుతో, గోత్రంతో పిలిచి నీళ్లు వదులుతుంది. ఇక్కడ మనిషిని ఆకుగా భావించడంలో నిరాశ లేదు, ఋణముంది. ఆ తరువాత విజయదశమి నాడు జమ్మి చెట్టుకు మొక్కి, దాని ఆకును బంగారమని చెప్పి పెద్దల చేతిలో పెట్టి నమస్కరించడం తెలంగాణలో ఉన్నట్లే, కన్నడ నేల మీద బన్ని పేరుతో అదే ఆచారం ఉంది. చెట్టు ఇంకా ఆకు రాల్చని కాలంలో మనిషి ఆకును చేత పట్టుకొని మరొకరికి ఇస్తున్నాడు. ఇది గమనించవలసిన విషయం.

కార్తీకం వచ్చేసరికి పోలిక ఆకు నుంచి పంటకు మారుతుంది. బెంగళూరు బసవనగుడిలో, దొడ్డ బసవన్న ఆలయం ముందు, కార్తీకంలోని చివరి సోమవారం కడలెకాయి పరిషె జరుగుతుంది. ఒకప్పుడు సుంకేనహళ్లి అని పిలిచిన ఆ చోట రైతులు తమ తొలి వేరుశనగ కాయలను నందీశ్వరునికి సమర్పిస్తారు, కర్ణాటక పల్లెలతో పాటు పొరుగున ఉన్న తెలుగు, తమిళ ప్రాంతాల నుంచి కూడా కాయలు రాశులుగా వస్తాయి. పైరును మేసిన బసవన్నను శాంతింపజేయడానికి పుట్టిన మొక్కు అని స్థలకథ. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట అయినా భక్తి దానికి పరదేశమన్న ముద్ర వేయలేదు. పూత వాడిన తరువాత ఊడ వంటి కాడ కిందికి దిగి మట్టిలోకి చొచ్చుకుపోయి, కాయ చీకటిలో పండే ఈ మొక్క, పంట చేతికి రాగానే వేరుతో సహా పెకలించబడుతుంది. కఠోపనిషత్తు తొలి వల్లిలో నచికేతుడు తండ్రితో మర్త్యుడు పైరులా పండి, పైరులా మళ్లీ పుడతాడని అనడం ఇక్కడ గుర్తుకు రాకమానదు. యాజ్ఞవల్క్యుడు మాత్రం ఈ పోలికతో తృప్తి పడడు. విత్తనం నుంచి మొలిచే చెట్టును కూడా ఆయన లెక్కలోకి తీసుకొని, వేరుతో పెకలించిన చెట్టు మళ్లీ మొలవదు గదా, మృత్యువు పెకలించిన మనిషి సంగతి ఏమిటని నిలదీస్తాడు. నచికేతుని మాట తనను మృత్యువుకు ఇచ్చానన్న తండ్రిని ఆ మాట మీద నిలబెట్టడానికి అన్న మాట అన్నది మరువరాదు; పైరు పోలిక అక్కడ సిద్ధాంతం కంటే ముందుగా, ఇచ్చిన మాట తప్పవద్దన్న ప్రబోధం.

పెరటికి తిరిగి వస్తే, కార్తీక శుద్ధ ద్వాదశి నాడు, తెలుగువారు క్షీరాబ్ధి ద్వాదశి, చిలుకు ద్వాదశి అనీ, కన్నడిగులు ఉత్థాన ద్వాదశి అనీ వ్యవహరించే రోజున, తులసికోటలో ఉసిరి కొమ్మను నిలిపి పూజించడం రెండు భాషల ఇళ్లకూ ఉమ్మడి ఆచారం. ఉసిరి కాయ మీద చెక్కి గుంట చేసి, నేతి వత్తి వేసి దీపం వెలిగించి దానమిస్తారు. ఉసిరి చెట్టు కింద భోజనం చేయడమే వనభోజనం, వనసమారాధన. బెంగళూరులోని తెలుగు సంఘాలు కార్తీక ఆదివారాలలో ఊరి బయటి తోటలలో దీనిని నేటికీ జరుపుకుంటున్నాయి. ఉసిరి వృక్షశాస్త్ర రీత్యా కూడా విలక్షణమైనది: చింతాకులా కనిపించే దాని రెమ్మ నిజానికి సన్నని కొమ్మ, శిశిరంలో ఆ చెట్టు ఆకులను మాత్రమే కాక ఆ రెమ్మకొమ్మలను కూడా రాల్చివేస్తుంది. అయితే వ్రతం చెట్టును ఆ స్థితిలో పూజించమనలేదు. రెమ్మ రాలే శిశిరాన్ని విడిచి, కాయ నిండిన కార్తీకాన్ని ఎంచుకున్నది. పారిజాతం విషయంలో సంప్రదాయం మరింత సూక్ష్మంగా ప్రవర్తించింది. నేల రాలిన పువ్వు సాధారణంగా దేవునికి పనికిరాదన్న నియమాన్ని పారిజాతానికి సడలించి, తనంతట తాను రాలిన పువ్వునే ఏరి అర్పించమన్నది. రాలడమూ అర్పణ కాగలదని, కాని దానిని వంగి ఏరే చేయి ఉన్నప్పుడే అవుతుందని ఆ నియమం చెప్పకనే చెబుతుంది.

చెట్టు నిశ్చేతనమైతే ఈ ఆచారమంతా మనిషి ఊహ మాత్రమే అవుతుంది కనుక, చెట్టుకు ఎరుక ఉందా అన్న ప్రశ్నను ప్రాచీనులు దాటవేయలేదు. మహాభారతం శాంతిపర్వంలో భరద్వాజుడు, వినని చూడని చెట్టు పాంచభౌతికం ఎలా అవుతుందని సందేహించగా, వేడికి ఆకు వాడడం స్పర్శకు, పిడుగు చప్పుడుకు పూలూ కాయలూ రాలడం వినికిడికి, తీగ దారి వెతుక్కొని పాకడం చూపుకు, వేరు నీరు తాగడం రుచికి గుర్తులని భృగువు వివరించి, చెట్లు సుఖదుఃఖాలను పొందుతాయని తేల్చాడు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుతో, జీవం ఏ కొమ్మను విడిస్తే ఆ కొమ్మ ఎండుతుందని, అన్నిటినీ విడిస్తే చెట్టంతా ఎండుతుందని, జీవం విడిచినదే చనిపోతుంది గాని జీవం చనిపోదని చెప్పాడు. ఈ వాదాలలోని సాక్ష్యాలు నేటి శాస్త్రానికి సరిపోతాయా అన్నది వేరే చర్చ. అవి ఏ ప్రవర్తనకు దారితీశాయన్నదే ఇక్కడ ముఖ్యం. ఆ ప్రవర్తనకు గొప్ప ఉదాహరణ తైత్తిరీయ సంహితలోని యూపచ్ఛేదన విధి. యూపం అంటే యజ్ఞంలో నాటే కొయ్య స్తంభం. దాని కోసం చెట్టును నరికేటప్పుడు గొడ్డలికీ చెట్టుకూ నడుమ దర్భపోచను అడ్డుపెట్టి, ఓషధీ ఇతనిని కాపాడమని, గొడ్డలీ ఇతనిని హింసించవద్దని ప్రార్థించి, నరికిన తరువాత మోడు మీద నేతితో ఆహుతి చేసి, ఆ చెట్టు నూరు కొమ్మలతో మళ్లీ మొలవాలని, తాము వేయి కొమ్మలతో పెరగాలని కోరుకుంటారు. చెట్టు మళ్లీ మొలవడంలో మనిషి తన మొలకను చూసుకున్న సందర్భాలలో ఇది చాలా ప్రాచీనమైనది. నరకడం తప్పనిసరి అయిన చోట కూడా ఆ సంప్రదాయం అనుమతి, క్షమ, ప్రతిదానాలను విధిగా చేసింది.

ఈ నేపథ్యంలో యాజ్ఞవల్క్యుని ప్రశ్నకు ఉపనిషత్తు ఇచ్చిన జవాబును మళ్లీ చూడవలసి ఉంది. విద్వాంసులు చెప్పలేకపోయిన వేరును ఉపనిషత్తే చివరలో చెబుతుంది: జ్ఞానమూ ఆనందమూ అయిన బ్రహ్మమే ఆ మూలం, ధనమిచ్చే దాతకూ, దానిని తెలిసి అందులో నిలిచినవాడికీ అదే పరమగతి. జ్ఞాని పేరు రావడంలో ఆశ్చర్యం లేదు. అంతటి తత్త్వచర్చ ముగింపులో దాత పేరు, అదీ జ్ఞాని కంటే ముందు, రావడమే విశేషం. శంకరులు తమ భాష్యంలో ఈ దాతను కర్మ చేసే యజమానునిగా, బ్రహ్మమును ఆ కర్మకు ఫలమిచ్చేదిగా గ్రహించి, ఏషణలను, అంటే కోరికలను, విడిచి బ్రహ్మములో నిలిచిన జ్ఞానిని వేరుగా చూపారు. ఆ అంతరం అద్వైతానికి అవసరమైనదే. అయినా రెండు దారులకూ గమ్యం ఒకటేనని మూలవాక్యం చెబుతున్నందువల్ల, గృహస్థు కార్తీకంలో ఇచ్చే ఉసిరి దీపమూ, తొలి కాయల రాశీ, జమ్మి ఆకూ ఆ వాక్యం పరిధిలోకి వస్తాయని అనడం సాహసం కాదు. మనిషికి చెట్టువలె భూమిలో వేరు లేదు. ఇచ్చే పనిలో, తెలుసుకునే పనిలో అతడు వేరును వెతుక్కోవాలి. చెట్టు పోలిక అతనికి పుట్టుకతో వచ్చినది కాదు, వ్రతంగా పూనుకోవలసినది. విసర్గకాలంలో, అంటే లోకం తనకు బలాన్ని ఇస్తున్న కాలంలో, తానూ ఇవ్వాలని నిర్ణయించుకోవడమే ఆ పూనిక. బలం పోయాక విడిచిపెట్టేదానిని దానమని ఎవరూ అనరు. శరత్తు దానాల కాలమైనదీ, శిశిరం కానిదీ అందుకేనని తోస్తుంది.

దీనికి భగవద్గీత నుంచి ఒక అభ్యంతరం రావచ్చు. పదిహేనవ అధ్యాయం సంసారాన్ని వేళ్లు పైకీ కొమ్మలు కిందికీ ఉన్న అశ్వత్థంగా, వేదఛందస్సులను దాని ఆకులుగా వర్ణించి, గట్టిగా పాతుకున్న ఆ చెట్టును అసంగమనే శస్త్రంతో నరకమంటుంది; అసంగం అంటే అంటుకోకపోవడం. నరకవలసిన చెట్టును పోషించే దానధర్మాలెందుకన్నది ప్రశ్న. కాని ఇదే తలకిందుల అశ్వత్థాన్ని కఠోపనిషత్తు చెప్పినప్పుడు, దాని మూలం శుద్ధమైన బ్రహ్మమేనన్నది. గీత కూడా నరికిన తరువాత వెతకవలసిన పదమొకటి ఉందనే చెప్పింది. తెగవలసినది కొమ్మల విస్తారం మీది పట్టు, చేరవలసినది వేరు. ఫలం మీద పట్టు వదిలి ఇవ్వడం అసంగానికి గృహస్థు చేయగల మొదటి సాధన కనుక, దాతకూ గీతకూ వైరం లేదు. రావి, వేప జంటగా నాటి, పెళ్లి చేసి, మొదట్లో నాగశిలలు నిలిపిన అశ్వత్థకట్టలు బెంగళూరు పాత పేటలలో ఇప్పటికీ ఉన్నాయి. వాటి చుట్టూ ప్రదక్షిణ చేసేవారిలో గీత చదివినవారూ ఉన్నారు, నరకమన్న గీతావాక్యాన్ని గొడ్డలిగా అర్థం చేసుకున్నవారు లేరు.

గొడ్డలి మరో వైపు నుంచి వచ్చింది. బసవనగుడి, మల్లేశ్వరం వంటి పాత పేటలలో ఇంటి వెనుక పనస, కొబ్బరి, ఉసిరి, కరివేపాకు పెంచుకునే పెరడు అంతస్తుల కట్టడాల కింద క్రమంగా కనుమరుగవుతున్నది; కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం 1976 నుంచి సొంత స్థలంలోని చెట్టును నరకడానికి కూడా అనుమతి తీసుకోవాలని చెబుతున్నా, చట్టం అడిగే అనుమతిలో దర్భపోచ అడ్డుపెట్టి అడిగిన అనుమతిలోని భయభక్తులు లేవు. మిగిలిన చెట్ల కింద శిశిరంలో రాలిన ఆకును ఊడ్చి, సంచులలో కుక్కి చెత్తబండికి ఇవ్వడమో, వీధి మూలన నిప్పు పెట్టడమో జరుగుతున్నది. వేరుకు తిరిగి చేరవలసిన సగం సారం పొగగా పోయి, ఆ పొగ శ్వాసకోశ వ్యాధులున్నవారికి కీడు చేస్తుంది. కార్తీకంలో ఉసిరి చెట్టుకు దీపం పెట్టిన ఇంట్లోనే మాఘంలో దాని రెమ్మలను కాల్చడం, వ్రతాన్ని సగంలో విడిచిపెట్టడమే అవుతుంది.

కనుక పెరడు ఉన్న పాఠకులు ఈ శిశిరంలో రాలిన ఆకును చెట్టు మొదట్లోనే పరచి ఉంచాలి, లేదా మూలన ఒక గుంట తీసి అందులో చివకనివ్వాలి. పెరడు లేనివారు తమ అపార్ట్‌మెంటు సంఘంతో మాట్లాడి, కనీసం ఆకులకు నిప్పు పెట్టడం ఆపించాలి. స్థలం ఉన్నవారు వచ్చే వానకాలంలో ఒక ఉసిరి మొక్కో, పారిజాతమో నాటాలి.